కారు మీద నా బొటనవేలు

రేషన్ దుకాణంలో వేలు పెట్టే మిషన్ నన్ను గుర్తుపట్టేది కాదు. బొటనవేలు పెడితే ఎర్ర లైటు, చూపుడువేలు పెడితే ఎర్ర లైటు. కొంగుతో తుడిచి పెట్టినా, తడి చేసి పెట్టినా అదే లైటు. ముప్పై ఏళ్ళకు పైగా బీడీలు చుట్టిన చేతులు నావి. తునికాకు రాసుకుని రాసుకుని వేళ్ళ మీది గీతలు అరిగి నున్నగా అయిపోయాయి. నా వంతు రాగానే డీలరు నిట్టూర్చి, కంటిపాప చూసే ఇంకో మిషన్ కోసం సొరుగు వెతికేవాడు. వెనక నిలబడ్డవాళ్ళు గొణుక్కునేవాళ్ళు. నేనెవరో నా వేలు చెప్పకపోతే నేనే చెప్పుకోవాలి కదా అని, మహిళా సంఘం వాళ్ళు మధ్యాహ్నం పూట పెట్టిన బడికి యాభై ఆరో ఏట పలక పట్టుకుని పోయాను. సంతకం వస్తే చాలనుకున్నాను. వచ్చాక బస్సు బోర్డులు, మందు చీటీలు, మిర్చీలు కట్టిన పేపర్లు, ఏది కనబడితే అది చదవడం అలవాటైంది.

బీడీలు మానేసి రెండేళ్ళయింది. ఆ తర్వాత వేలు పెట్టి చూడడమే మానేశాను. నేరుగా కంటి మిషన్ అడిగేదాన్ని.

అలాంటి నా వేలిని గీత గీతగా పట్టుకున్నది ఒక బొమ్మ కారు. ఆ కారు సంగతే ఇది.

మా కొడుకు హైదరాబాద్ రోడ్డు మీద ఒక షెడ్డులో కార్లకు రంగులు కొడతాడు. సొట్టలు తీసేవాళ్ళు వేరే, వీడిది రంగు పని. పాత రంగు ఎండకు ఎంత వెలిసిందో చూసి, సరిగ్గా దానితో కలిసిపోయేలా కొత్త రంగు కలపడంలో వాడిది మంచి చెయ్యి. కానీ మనసు మాత్రం ఇంకో పని మీద ఉండేది. డబ్బాల అడుగున మిగిలిన రంగుతో విరిగిన బొమ్మ కార్లను బాగుచేసి షెడ్డు కిటికీలో వరుసగా పెట్టుకునేవాడు. షెడ్డు సేటు వాటిని చూసి, పెండ్లయిన మొగోడు బొమ్మలతో ఆడుకుంటుండు అని వచ్చినవాళ్ళందరికీ చూపించి నవ్వించేవాడట.

ఒక ఆదివారం మా ఊరి పెద్ద చర్చి చూడడానికి హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ కారుకు అక్కడి రద్దీలో ఎవరిదో బండి గీసుకుపోయింది. ఆమె పండ్ల డాక్టర్. గీత పోగొట్టించుకోవడానికి షెడ్డుకు వచ్చి, పని అయ్యేదాకా కిటికీ దగ్గరే నిలబడి ఆ బొమ్మ కార్లను చూసింది. ఆమె నవ్వలేదు. ఒక్కొక్కటి తీసి, తిప్పి, అడుగు చూసి, ఎవరు చేశారని అడిగింది. ఆమె ఇంట్లో అద్దాల బీరువా నిండా అలాంటి కార్లే ఉన్నాయట, అయితే అవి పిల్లల ఆటబొమ్మలు కావట. కరిగించిన లోహం అచ్చులో పోసి, అసలు కారును ముక్క ముక్క కొలిచి చేసినవి. డైకాస్ట్ మోడళ్ళు అంటారని కొడుకు చెప్పాడు.

తర్వాతి వారం ఆమె ఒక కారు తెచ్చి వాడి చేతిలో పెట్టింది. దాని రంగు పాడైంది, మొత్తం గీకి కొత్తగా వెయ్యమంది. పని కుదిరితే ఇలాగే పాడైనవి బీరువాలో ఇంకో ఆరు ఉన్నాయి, అవీ ఇస్తాను, ఇంట్లో కూర్చుని తీరుబడిగా చేసుకో అంది. కుదరకపోతే ఈ ఒక్కదానితో ఆపేద్దాం అని కూడా అంది. మెత్తగానే అంది కానీ ఖరాఖండిగా అంది.

వాడు ఆ డబ్బాను స్కూటర్ మీద ముందర పెట్టుకుని, పసిపిల్లను తెచ్చినట్టు మెల్లగా నడుపుకుంటూ వచ్చాడు. ఇష్టమైన పని ఇంట్లో చేసుకునే దారి ఒకటి కనబడింది వాడికి. ఆ దారి ఈ కారు మీది నుంచే పోవాలి.

డబ్బా తెరిచాక నేను, కోడలు వంగి చూశాం. ఎర్రటి కారు. జానెడు మీద రెండు వేళ్ళ పొడుగు. రెండే తలుపులు, ముందర ఇంత పొడుగు బానెట్, వెనక భాగం కొంచెం ఎత్తుగా, నాలుగు చక్రాల మీద రొమ్ము విరుచుకుని నిలబడినట్టు. అమెరికాలో యాభై అరవై ఏండ్ల కిందటి బండి అని, పెద్ద ఇంజన్, మస్తు ఉరుకుతుందని, వీటిని మజిల్ కార్లు అంటారని కొడుకు చెప్పాడు. మజిల్ అంటే ఏందని అడిగితే జబ్బ మడిచి చూపించాడు.

"ఓ, పైల్వానా," అంది మా కోడలు. ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు పైల్వానే.

పైల్వాన్‌కు ఒంటి నిండా చెమటకాయలు లేచినట్టు రంగు పొక్కులు కట్టి ఉంది. చేతిలోకి తీసుకున్నాను. కిలో చక్కెర పొట్లమంత బరువు. ఆ బరువు నాకు నచ్చింది. తలుపు తెరిచి మూశాను. బానెట్ ఎత్తాను. లోపల ఇంజన్, దాని మీద సన్నటి వైర్లు, ఒక మూలన బ్యాటరీ. సీట్ల కింద మెత్తటి నూగు పరిచారు, అది కాళ్ళ కింద వేసే తివాచీ అట. స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలు తిరుగుతున్నాయి. తర్వాత తెలియకుండానే మా మున్షీ నాలోకి వచ్చి కూర్చున్నాడు.

మున్షీ అంటే బీడీల ఖార్ఖానాలో మా బీడీలు చూసి తీసుకునే ఆయన. మనిషి ముఖం చూడడు, బీడీ ముఖమే చూస్తాడు. కట్టలోంచి ఒకటి లాగి, బొటనవేలికి చూపుడువేలికి మధ్య ఒక్కసారి దొర్లించి, పొట్ట వదులైతే అవతలికి విసిరేవాడు. ఆయన పక్కకు పారేసిన బీడీల్లో నా జీవితంలో ఎన్ని దినాలు పోయాయో లెక్కలేదు. ఆయనను ఎంత తిట్టుకున్నానో, పని చూడడం కూడా ఆయన దగ్గరే అంత నేర్చుకున్నాను. కళ్ళకు అందంగా ఉన్నది వేళ్ళకు దొరికిపోతుందని నాకు తెలిసింది అక్కడే.

అందుకని ఆ కారును పొగిడే ముందు తడిమాను. ఇంజన్ మీది వైర్లు ముచ్చటగా ఉన్నాయి కానీ లావు. కారు ఇంతే ఉన్నప్పుడు వైరు ఇంత ఉంటే, అసలు కారులో అది నా మణికట్టంత ఉండాలి. ఆ మాటే కొడుకుతో అన్నాను. వాడు తల గోక్కుని, వేలితో కొలిచి, నిజమే అన్నాడు. వెల్లకిలా తిప్పి చూస్తే అడుగంతా ఒకే నల్ల ముక్క. పొగ గొట్టాలు, ఇనుప కడ్డీలు అన్నీ ఒకే అచ్చులో ముద్దగా వచ్చాయి. పైన అంత ఓపిక పెట్టినవాడు కిందకు వచ్చేసరికి బద్ధకించాడు. మా దగ్గర కూడా మూతి చక్కగా మడిచి, లోపల తంబాకు తక్కువ పెట్టేవాళ్ళు ఉండేవాళ్ళు.

ఎడమ తలుపు సరిగ్గా పడలేదని నాకు మొదటి నుంచీ అనుమానం. బీడీలు కట్టే దారం ఉండ ఇంకా అటక మీద ఉంది. తెచ్చి, ఒక పోగు తలుపు సందులోకి జార్చాను. కింద ఒక పోగే పట్టింది. పైన రెండు పోగులు దూరాయి. కుడి తలుపుకు మీదా కిందా ఒక్క పోగే.

కొడుకు నా చేతిలోంచి దారం తీసుకుని తనే మళ్ళీ చూశాడు. మూడుసార్లు చూశాడు. తర్వాత లేచి సన్న ఆకురాయి వెతుక్కుంటూ పోయాడు. కోడలు నా చెవిలో, "అత్తమ్మా, నా ముగ్గు కూడా ఎన్నడన్న దారం పెట్టి కొలిచినవా?" అంది. కొలవలేదు, కంటితోనే చూస్తానని చెప్పాను.

ఆ తర్వాత పది పన్నెండు దినాలు మా వెనక గది రంగుల ఖార్ఖానా అయింది. వాడు స్క్రూలు విప్పి, ఏ స్క్రూ ఎక్కడిదో చాయ్ కప్పుల్లో వేరు వేరుగా వేసి పెట్టాడు. పాత రంగు కరిగించి గీకాడు. బూడిద రంగు పూత, దాని మీద డాక్టరమ్మ అడిగిన ముదురు ఆకుపచ్చ, బానెట్ మీద రెండు నల్ల పట్టీలు. ప్రతి పూతకూ నన్ను పిలిచి చూపించేవాడు. మొదట్లో నవ్వులాటకు పిలిచేవాడు, తర్వాత తర్వాత నేను చూడందే తర్వాతి పూత వెయ్యలేదు. ఒకసారి నల్ల పట్టీ ఒకటి దారం మందం పక్కకు పోయిందన్నాను. వాడు తిండి మాని అలిగాడు. సాయంత్రానికి పట్టీ చెరిపి మళ్ళీ వేశాడు, ఆ తర్వాత రెండు పూటల తిండీ ఒకేసారి తిన్నాడు.

ఆఖరున అద్దంలా మెరిసే పూత వేసి, దుమ్ము పడకుండా కారు మీద గాజు తొట్టి బోర్లించి పెట్టాడు. అది గురువారం. డాక్టరమ్మ ఆదివారం చర్చి వైపు వస్తాను, అప్పుడు చూస్తానని ఫోన్ చేసింది. ముసురు పట్టిన దినాలు, గాలిలో చెమ్మ. శనివారం సాయంత్రానికి గట్టిపడుతుందని కొడుకు లెక్క.

శనివారం పొద్దున వాడు షెడ్డుకు పోయాడు. నేను చీపురు పట్టుకుని వెనక గదిలోకి పోయాను. మబ్బు కొంచెం విడిపోయి, కిటికీలోంచి ఎండ సరిగ్గా ఆ కారు మీద పడింది. ఆకుపచ్చ రంగు లోపలి నుంచి వెలుగుతున్నట్టు ఉంది. చూడు చూడు అని నన్ను పిలిచినట్టే ఉంది. తొట్టి ఎత్తాను. పక్కల నుంచి చూశాను, వంగి చూశాను. ఒక్క నలుసు లేదు. కళ్ళతో చూడడం అయిపోయింది. ముప్పై ఏళ్ళ అలవాటు, చెయ్యి దానంతట అదే పోయింది. బీడీ పొట్ట చూసినట్టు బొటనవేలితో కారు పైకప్పు మీద ఒక్కసారి నొక్కి చూశాను.

వేలు తియ్యబోతే కొంచెం పట్టుకుంది. అప్పుడే తెలిసింది ఏం చేశానో.

కప్పు నడిమధ్యలో నా వేలిముద్ర. సుడి, చుట్టూ గీతలు, పక్కన చిన్న గాటు, ఒక్కటి పోకుండా పడ్డాయి. రేషన్ మిషన్‌కు ఎన్నేళ్ళు బతిమాలినా దొరకని ముద్ర. కోడలిని కేకేశాను. ఆమె దవాఖానలో నర్సు, ఆ రోజు మధ్యాహ్నం డ్యూటీ. వచ్చి కారును చూసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని వేలు ఎండలో పెట్టి చూసింది.

"అత్తమ్మా, నీ గీతలు మల్ల మొలిచినయి," అంది.

నాకు నవ్వు రాలేదు. తొట్టి మూసేసి ఏమీ ఎరగనట్టు ఉండవచ్చు. సాయంత్రం వాడే చూసుకుంటాడు. అలా అనుకున్నది నిజం, దాచను. కానీ నా బీడీలు బాగున్నా విసిరేసిన రోజున మున్షీ తప్పు ఒప్పుకుంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకోలేదు? ఫోన్ తీసి కొడుకుకు చేశాను. జర ఇంటికి రా అన్నాను. ఎందుకని అడిగితే వచ్చినంక చెప్తా అన్నాను.

వాడు వచ్చి తొట్టి ఎత్తి చూశాడు. ఎవరు ముట్టారని అడగలేదు. చంటిపిల్లలు లేని ఇంట్లో అడగాల్సిన పని కూడా లేదు. గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేనే అన్నాను.

"నేనే ముట్టిన కొడుకా. ఆరిందనుకున్న."

"చూడమంటే చూడాలె గదనే అమ్మా. ఒత్తుడెందుకే?"

"చూసుడంటే నాకు గదే."

వాడికి కోపం వచ్చింది, అంతలోనే ఆ మాటకు మూతి కొసన నవ్వు వచ్చింది, మళ్ళీ కోపం వచ్చింది. గీకి మళ్ళీ పూత వేస్తే ఆరడానికి ఇంకో మూడు దినాలు. రేపే ఆదివారం. ఇంకో వారం ఆగమని అడగడం వాడికి ఇష్టం లేదు. మొదటి పనికే గడువు తప్పితే ఆమె ఏమనుకుంటుందోనని భయం.

చాలాసేపటికి వాడు ఫోన్‌లో ఆ రకం అసలు కార్ల ఫోటోలు తెరిచాడు. డాక్టరమ్మ పంపినవే. ఒక్కొక్కటి జరుపుతూ ఒకదాని దగ్గర ఆగాడు. అందులో ఒంటికి ఒక రంగు, కప్పు మాత్రం నల్లగా, మెరుపు లేకుండా, తోలు తొడిగినట్టుగా ఉంది. ఆ కాలంలో కొందరు కప్పు మీద రెక్సిన్ లాంటిది వేయించుకునేవాళ్ళట.

ఇంట్లో నల్ల రెక్సిన్ వెతికాను. పాత బ్యాగు దొరికింది కానీ కారు మీద పెట్టి చూస్తే దాని గరుకు తాబేలు వీపులా కనబడింది. వైరుకు చెప్పిన మాటే దీనికీ వర్తిస్తుంది, ఇంత కారుకు ఇంత గరుకు పనికిరాదు. అప్పుడు కోడలు, దెబ్బల మీద దూది నిలబడడానికి అతికించే కాగితం లాంటి తెల్ల టేపు ఉంటది కదా అంది. మెడికల్ షాపుకు పోయి తెచ్చింది. దాని మీద సన్నటి నూగు, కళ్ళు చిన్నవి చేసి చూస్తే తోలులాగే ఉంది. నల్ల రంగు వేస్తే సరిపోతుంది.

కత్తిరించే పని నాది. తునికాకు కత్తిరించే కత్తెర, ఆకు మీద కొలతకు పెట్టే రేకు ముక్క ఇప్పటికీ దాచుకున్నాను. కొడుకు కప్పు కొలతకు ఇంకో రేకు ముక్క కోసి ఇచ్చాడు. ఆ రేకును టేపు మీద పెట్టి, ఆకు చుట్టూ తిప్పినట్టే కత్తెర తిప్పాను. కప్పు వెడల్పుకు ఒక్క పట్టీ సరిపోలేదు, మూడు పట్టీలు కావలసివచ్చాయి. మధ్యలో రెండు అతుకులు కనబడతాయే అని నేను దిగులుపడితే, కొడుకు ఫోటో పెద్దది చేసి చూపించాడు. అసలు కారు మీద కూడా సరిగ్గా ఆ చోటే రెండు అతుకులు. నా ముద్ర మీద మధ్య పట్టీ వచ్చింది. వాడు గాలి బుడగ లేకుండా దూదితో అద్దుతుంటే, నేను చేతులు వెనక కట్టుకుని నిలబడ్డాను.

ఆదివారం డాక్టరమ్మ వచ్చింది. చాయ్ తాగి, హ్యాండ్ బ్యాగులోంచి పండ్లు చూసే చిన్న అద్దం తీసింది, పొడుగు కాడకు గుండ్రటి అద్దం ఉంటుందే, అది. దాన్ని కారు లోపలికి, చక్రాల వెనకకు, బానెట్ కిందకు పోనిచ్చి చూడడం మొదలుపెట్టింది. ఆమె మున్షీని మించిన మనిషి అని నాకు అప్పుడే అర్థమైంది. ఎడమ తలుపు తెరిచి మూసి, మళ్ళీ తెరిచి మూసి, ఇది ముందు ఇట్లా పడేది కాదు కదా అంది. కొడుకు దారం సంగతి చెప్పాడు. ఇంజన్ వైర్లు మార్చినట్టున్నారే అంది. మార్చాడు, సన్నవి వేశాడు. ఇంజన్ మూలన బ్రష్ నుంచి రాలిన ఒక వెంట్రుక ఆమెకు దొరికింది. నాకూ దొరకనిది. చిన్న పట్టకారులాంటి చిమటాతో తీసి టిష్యూ కాగితంలో పెట్టింది.

ఆఖరుకు కప్పు మీద ఆగింది. అద్దం పక్కన పెట్టి అంది.

"ఇది నేను అడగలేదు కదా."

కొడుకు ఫోటో సంగతి మొదలుపెట్టబోయాడు. నేను అడ్డం పడ్డాను.

"దాని కింద నా బొటనవేలున్నది మేడం. ఆరక ముందే ఒత్తి చూసిన. పోరని తప్పు లేదు. నచ్చకుంటే వారంల తీసేసి ఉత్త ఆకుపచ్చ చేసిస్తడు."

ఆమె నా వైపు చూసింది, నా చేతుల వైపు చూసింది. ఎందుకు ఒత్తారమ్మా అని అడిగింది. బీడీల సంగతి చెప్పాను, మున్షీ సంగతి చెప్పాను, మిషన్ ఎర్ర లైటు సంగతి కూడా నోరు జారింది. ఆమె వింటూనే వేలి కొసతో అతుకుల మీద రాసి చూసింది. గోరుతో అంచు లేస్తుందేమో చూసింది. లేవలేదు. ఈ అంచు ఎవరు కోశారు అంది. నేనే అన్నాను.

"తీయొద్దు, ఉండనియ్యండి," అంది. "నా దగ్గరికి వచ్చే వాళ్ళు పన్ను ఎట్లుందో నాలుకతో తడిమి చూస్తారు, అద్దంలో చూసుకోరు. అది నాకు తెలిసిందే."

కొడుకు ఊపిరి వదిలింది నాకు వినబడింది. ఆమె బయట ఆపిన తన కారు డిక్కీ తెరిస్తే అందులో ఇంకో రెండు డబ్బాలు ఉన్నాయి. కుదిరితే ఇచ్చిపోదామని వచ్చేటప్పుడే వేసుకువచ్చిందట. మిగిలిన నాలుగు తర్వాత తెస్తానంది. ఒకటే షరతు, అన్నింటికీ కప్పు మీద తోలు వద్దు.

తర్వాతి నెల రేషన్‌కు పోయినప్పుడు డీలరు నన్ను చూడగానే సొరుగులో చెయ్యి పెట్టాడు. ఆగమన్నాను. బొటనవేలు చీరకు తుడిచి, మిషన్ మీద పెట్టి, పైల్వాన్ కప్పు మీద ఒత్తినంత బలంగా ఒత్తాను. పచ్చ లైటు వెలిగింది. అతను మిషన్ చెడిందేమోనని తిప్పి చూశాడు. నేను సంచి పట్టాను.

ఇప్పుడు వెనక గదిలో తొట్టి కింద రెండో కారు ఆరుతోంది, పసుపు రంగుది. తొట్టికి కొడుకు ఒక కాగితం అంటించాడు, ఇంతింత అక్షరాలతో. "ఆరలే. ముట్టకు అమ్మా. ఇప్పుడు చదువొచ్చు నీకు." పొద్దున ఊడ్వడానికి పోయినప్పుడు చదివాను. రెండుసార్లు చదివాను. కారు చుట్టూ తిరిగి, చేతులు వెనక కట్టుకుని చూశాను. వెనక బంపర్ కుడి కొసన రంగు కొంచెం జారి గట్టు కట్టింది.

పెన్సిల్ తెచ్చి వాడి అక్షరాల కింద నావి రాశాను. "ముట్టలే. చూసిన. వెనక బంపర్ కుడి దిక్కు చూసుకో."